నేను కడిగిన కోడి

అల్ హైల్ అనే అరబ్బుల ఊళ్ళో నేను పనిచేసే ఇంటి మేడమ్‌ది ట్రినిడాడ్ అనే దీవి. అదెక్కడుందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. వంట ఆమే చేసుకుంటుంది. కూరగాయలు తరగడం, కోడిని కడగడం నా పని. కడప దాన్ని, కోడిని కడగడం నాకొకరు నేర్పాలా? ఉప్పూ పసుపూ వేసి, నీళ్ళు తేటపడేదాకా కడిగి గిన్నెలో పెట్టేదాన్ని. నేనటు తిరగ్గానే మేడమ్ ఆ కోడిని సింకులో బోర్లించి, నిమ్మకాయలు పిండి, ముక్క ముక్కా రుద్ది మళ్ళీ కడిగేది.

మొదట్లో చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ప్రతిసారీ అదే తంతయ్యేసరికి ఒళ్ళు మండింది. ఊళ్ళో మా అమ్మ తోమిచ్చిన బిందెల మీద పెద్దింటివాళ్ళు నీళ్ళు చల్లి గానీ లోపలికి తీసుకునేవారు కాదు. అది చూస్తూ పెరిగాను. సముద్రం దాటొచ్చినా ఆ నీళ్ళు నన్ను వదల్లేదనుకున్నాను.

ఇక ఆమె ఏం చేసినా అనుమానమే. చక్కెరను నల్లగా మాడ్చి అందులో కోడి వేసేది. పచ్చి కందిగింజలతో, కొబ్బరిపాలతో అన్నం వండి మొదటి పళ్ళెం నాకే పెట్టేది. నాకే ఎందుకు? నేను తిని బతికితే తాము తిందామనా?

పక్కింట్లో పనిచేసే గోదావరి అక్కకు చెప్పుకున్నాను.

"ఆవిడే వండి పెడతంటే హాయిగా తినక, నీకెందుకే ఈ గోల?" అంది.

"హాయేం లేదక్కా. నా చెయ్యి తగిలిందని మళ్ళా కడుగుతాంది. ఇట్లాంటోళ్ళను నేను సూడలేదా?"

ఆ సాయంత్రమే ఏజెంటుకు ఫోన్ చేసి వేరే ఇల్లు చూడమన్నాను.

ఇంతలో మేడమ్ వాళ్ళమ్మ దిగింది. మర్నాడు మేడమ్ కోడిని తనే నిమ్మకాయతో కడిగి, పొయ్యి మీద చక్కెర పెట్టింది. ముసలామె వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది. కోడిని సింకులో బోర్లించి, నిమ్మకాయ ఇమ్మని నావైపు చెయ్యి చాపింది.

"కడిగానమ్మా," అంది మేడమ్. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ తెలుసు.

"నువ్వు కడిగావు. నేను కడగలేదుగా," అంది ముసలామె, రుద్దుతూనే.

మేడమ్ మొహం మాడిపోయింది. అచ్చం నా మొహమే. వాళ్ళ దీవిలో ఒకరు కడిగింది ఇంకొకరు నమ్మరట, కన్నకూతురిదైనా సరే. నాకు నవ్వొచ్చింది, వెనకాలే ఏడుపూ వచ్చింది. మా ఊరి పెద్దింట్లో తమ కూతురు ముట్టుకున్న బిందె మీద ఎవరూ నీళ్ళు చల్లలేదు.

వారం తిరక్కుండా ఏజెంటు ఫోన్ చేశాడు, ఇల్లు దొరికిందని. వద్దన్నాను.

అప్పటికి ముసలామె కడిగిన కోడి గట్టు మీద ఉంది. దాన్ని సింకులో బోర్లించి, పసుపు వేసి మళ్ళీ కడిగాను. ఇద్దరూ అక్కడే ఉన్నారు. మేడమ్ పొయ్యి మీద చక్కెర పెట్టింది.