బ్రేకు మేడమ్ బూస్టు పెంచిన వైనం

ఊరిలో సగం మందికి కారు నేర్పిన ఘనత ఆమెది. మిగతా సగం మంది ఇంకా ప్రాణాలతో తిరుగుతున్నారంటే ఆ ఘనత కూడా ఆమెదే. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకును సమయానికి తొక్కడం ఆమె వృత్తి. అందుకే అందరూ ఆమెను బ్రేకు మేడమ్ అంటారు. పొద్దస్తమానం బ్రేకు తొక్కే మనిషి మనసులో ఏముంటుందో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది. వేగం.

ఏటా ఒక ఆదివారం మోటారు క్లబ్బువాళ్లు కొండ దారిని మూసేసి, కార్లను ఒక్కొక్కటిగా పైకి వదిలి, ఎవరు తక్కువ సమయంలో చేరారో గడియారం పెట్టి తేలుస్తారు. కిందటేడు గెలిచినవాడు ఆమె శిష్యుడే. నేర్చుకునే రోజుల్లో స్కూలు ప్రహరీగోడను రెండుసార్లు కారుతో పరామర్శించిన శిష్యుడు. కప్పు చంకన పెట్టుకుని ఎదురొచ్చి, "మేడమ్, మీరింకా సెకండ్ గేర్లోనే ఉన్నారా?" అన్నాడు. ఆమె నవ్వింది. అతను మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉంది. ఆ తర్వాత తిన్నగా తమ్ముడి షెడ్డుకు వెళ్లింది.

తమ్ముడు ఇంజన్ల మెకానిక్.

"మన కారుకి టర్బో ఉంది కదరా. బూస్టు పెంచు."

"పెంచడమెంతసేపక్కా? ఇట్టే పెరుగుతుంది. ఆ తర్వాత రాడ్లు వంగుతాయి, పిస్టన్లు కరుగుతాయి. సోమవారం నీ శిష్యుల్ని భుజానేసుకుని తిప్పు."

చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఇంటికి ఉన్నది ఒకటే కారు. అన్నం పెట్టేదీ అదే, ఆశ పెట్టేదీ అదే. ఆదివారం ఇంజను పోతే సోమవారం నుంచి స్కూలు మూత.

"అయితే కరగనివి పెట్టరా," అంది ఆమె.

టర్బో అనేది ఇంజను వదిలిన పొగతోనే తిరుగుతూ ఆ ఇంజనుకే మరింత గాలి కుక్కే యంత్రం. అలా కుక్కే గాలి ఒత్తిడే బూస్టు. కొసరి కొసరి వడ్డించే పెద్దమ్మ లాంటిది. తినేవాడి పొట్ట గట్టిది కాకపోతే ఆ ప్రేమే ప్రాణం తీస్తుంది. కాబట్టి ముందు పొట్ట గట్టిపరచాలని తీర్మానమైంది. వేసవి సెలవులకు స్కూలు మూయగానే తమ్ముడు ఇంజను దించాడు. షెడ్డులో దుమ్మెక్కువని పిస్టన్లు ఆమె భోజనాల బల్ల మీదికి వేంచేశాయి.

ఆమె భర్తకు కళ్లజోళ్ల దుకాణం. సాయంత్రం వచ్చి చూసి, చేతులు కడుక్కోవాలో జోడించాలో తేల్చుకోలేకపోయాడు.

"ఇవెవరి పళ్లోయ్, బామ్మర్దీ?"

"కొత్త పిస్టన్లు బావా. పాతవి పోతపోసినవి. ఇవి వేడి మీద అదిమి చేసినవి, దెబ్బకి తట్టుకుంటాయి."

"మరి మీ అక్క ఆ రింగుని ఎందుకలా ఆకురాయితో రాస్తోంది? కొత్తదేగా?"

"అది పిస్టన్ చుట్టూ తొడిగే రింగు. దాని రెండు కొసల మధ్య సందు పెంచుతోంది. బూస్టు పెరిగితే వేడెక్కువ. వేడికి రింగు సాగుతుంది. కొసలు గుద్దుకున్నాయంటే పిస్టన్ అంచు ఊడి చేతికొస్తుంది."

"చూశావా, నేను రాత్రిదాకా దుకాణంలో ఎందుకుంటానో! మాక్కూడా కాస్త సందుండాలనే."

"మీరు గుద్దుకోవడానికి నేను ఖాళీగా ఉంటేగా," అంది ఆమె తలెత్తకుండా.

పిస్టన్ల వెనక గట్టి రాడ్లు వచ్చాయి. సిలిండర్ హెడ్డు పైకి లేవకుండా బలమైన బోల్టులు, రేకుల గాస్కెట్టు వచ్చాయి. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి కనక పెద్ద ఇంజెక్టర్లు వచ్చాయి. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చడానికి బంపర్ వెనక పెద్ద ఇంటర్‌కూలరు కూర్చుంది. తమ్ముడు లాప్‌టాప్ తగిలించి, బూస్టు రవ్వంత పెంచడం, ఇంజను చప్పుడు వినడం, మళ్లీ రవ్వంత పెంచడం. చివరికి డాష్‌బోర్డు మీద ఒక స్విచ్చి వెలిసింది. ఒకవైపు "పాఠం", ఇంకోవైపు "పందెం".

పందెం రోజు తనిఖీ అధికారి కారు లోపలికి తల పెట్టి, "రెండు బ్రేకులేంటండీ?" అన్నాడు.

"ఒకటి నాకు, ఒకటి నా భయానికి," అంది.

అంత ధీమాగా మాట్లాడిన మనిషి, తన వంతు రాగానే వెళ్లి పక్క సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, నడిపేవాళ్ల కోసం ఎదురు చూసింది.

తమ్ముడు అద్దం తట్టాడు. "అక్కా, ఇవాళ అటు."

మొదటి పరుగులో శిష్యుడి కంటే వెంట్రుకవాసి వెనకబడింది. ఒక్కొక్కరికీ రెండే పరుగులు. తమ్ముడు లాప్‌టాప్ చూసి పెదవి విరిచాడు. "ఎండలో వరసలో నిలబడి ఇంటర్‌కూలరు కాలిపోయింది. లోపలికి వేడిగాలి పోతోంది. ఇంజను పాడవకుండా కారులోని కంప్యూటరే బలం తగ్గించేసింది."

"బూస్టు ఇంకొంచెం పెంచు."

"పెంచను."

"నా కారురా!"

"నా ఇంజనే! వేడిగాలి ఇంకా కుక్కితే పిస్టన్లకి చిల్లులే. పెంచనంటే పెంచను."

ఈ మహాయుద్ధం నడుస్తుండగా భర్త మాయమయ్యాడు. ఇంటికెళ్లిపోయాడనుకున్నారు. చొక్కా తడిసిపోయి, కూల్‌డ్రింకులవాడి దగ్గర నుంచి ఐసు సంచీ మోసుకొచ్చాడు. "బూస్టు పెంచొద్దు సరే. గాలి చల్లబరచొచ్చా, అదీ తప్పేనా?"

తమ్ముడు కళ్లు పెద్దవి చేశాడు. "బావా! నువ్వు షెడ్డుకి వచ్చేయ్, దుకాణం మూసేసి!"

వంతు వచ్చేదాకా ఆయన బంపర్ ముందు గొంతుక్కూర్చుని, ఐసు సంచీని బంపర్ సందులోంచి ఇంటర్‌కూలరుకు అదిమి పట్టుకున్నాడు. పిలుపు రాగానే తీసేసి తువ్వాలుతో తుడిచాడు. చేతులు ఎర్రబడ్డాయి. "వెళ్లవే, వెళ్లు!"

జెండా పడింది. మొదటి మలుపులో టర్బో ఈల వేసింది. రెండో మలుపు దాటాక వీపు సీటుకు అతుక్కుపోయింది. ఈసారి బలం తగ్గలేదు! గేరు మారిన ప్రతిసారీ కారు కొండను వెనక్కి తోసేస్తూ ఎగబడింది. ఆమె చెవి మాత్రం ఇంజను మీదే ఉంది. ఎక్కడైనా గులకరాళ్లు రాలిన చప్పుడొస్తే పిస్టన్లు దెబ్బతింటున్నట్టే, కాలు తీసేయాలి. రాలేదు. ఆఖరి మలుపులో పక్క సీటు ముందున్న బ్రేకు కోసం ఎడమకాలు తడుముకుంది. దొరకలేదు. దొరక్కపోవడమే మంచిదైంది.

పైన మైకులో ఆమె పేరు, ఆమె సమయం వినిపించాయి. మొదటి స్థానం! జనం కారును చుట్టుముట్టారు. ఆమె దిగలేదు. ఇంజనూ ఆపలేదు.

అందరికంటే ముందు శిష్యుడు పరుగెత్తుకొచ్చాడు. "గెలిచారు మేడమ్, దిగండి!"

"టర్బో ఎర్రగా కాగి ఉంది నాన్నా. ఇప్పుడాపితే లోపలి నూనె మాడిపోతుంది. నీకు కప్పు ఎక్కువ, నాకు కారు ఎక్కువ. ఆగు."

క్లబ్బు అధ్యక్షుడు కప్పు పట్టుకుని కిటికీ పక్కన నిలబడ్డాడు. ఉపన్యాసం మొదలుపెట్టి, ఇంజను చప్పుడుకు మానుకున్నాడు. క్లబ్బు జీపులో తమ్ముడూ భర్తా పైకి చేరుకునే వేళకు ఆమె మెల్లగా తాళం తిప్పి ఆపింది. కొండంతా నిశ్శబ్దం. లోపల ఏదైనా విరిగుంటే ఇప్పుడే తెలుస్తుంది.

మళ్లీ తాళం తిప్పింది.

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. తమ్ముడు బానెట్ మీద చెవి ఆనించి విన్నాడు, రెండో చెవి కూడా ఆనించాడు. తల ఎత్తేసరికి ముఖమంతా పళ్లే. "నాలుగు సిలిండర్లూ సుబ్బరంగా ఉన్నాయక్కా!"

ఆమె తలుపు తన్నుకుని బయటికొచ్చి, కప్పు పట్టుకున్న అధ్యక్షుణ్ణి దాటుకుని, తడిచొక్కా భర్త రెండు భుజాలూ పట్టి ఊపేస్తూ, కొండ కిందికి వినబడేలా అరిచింది:

"రేపు స్కూలుందోయ్!"

బడి ఉందని ఇంత సంబరపడ్డ మనిషిని లోకం అంతకుముందు చూసి ఉండదు.