మొదలు తీసే పిడికెడు

మా పక్కింటి పెద్దమ్మ గురించి ఇన్నాళ్లూ రాయలేకపోయాను, నాకు అక్షరాలు వచ్చేవి కావు కనుక. బైబిలు సొంతంగా చదువుకోవాలని యాభై దాటాక నేర్చుకున్నాను.

మన్సూరాబాద్‌లో మా సంఘం ఆడవాళ్లు వంటకు ముందు దేవునికని పిడికెడు బియ్యం తీసిపెడతారు. ఆదివారం చర్చిలో పోస్తే, లేని ఇళ్లకు పంచుతారు. మా ఆయన మేస్త్రీ పనిలో పైనుంచి పడి దవాఖానలో ఉన్నప్పుడు ఆ బియ్యం మా ఇంటికీ వచ్చాయి. తెచ్చింది ఈ పెద్దమ్మే. సిగ్గుతో తలవంచుకుని కడగబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"మొదలు పిడికెడు తియ్యి బిడ్డా."

"గివే దానం బియ్యం. వీట్లకెల్లి గూడ తియ్యాల్నా పెద్దమ్మా?"

"గందుకే తియ్యి. తీస్తే నువ్వు గూడ ఇచ్చేదానివే. తల దించే పనేముంది?"

కలిగినవాళ్లు ఎన్నయినా చెబుతారనుకుని నేను తియ్యలేదు.

ఆదివారం చర్చిలో బియ్యం తీసుకునే వరసలో నా ముందు ఆమే ఉంది. ఒక చేతిలో ఖాళీ సంచి, ఇంకో చేతిలో పోయడానికి తెచ్చిన చిన్న డబ్బా. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఏందే, నీ డబ్బా ఏది?" అని నవ్వింది.

మర్నాడు పొద్దున, పొయ్యి వెలిగించకముందే, టీపొడి డబ్బా కడిగి తుడిచి పిడికెడు బియ్యం అందులో పోశాను.