మేస్త్రి కూర్చోని కుర్చీ

పందొమ్మిది వందల తొంభై ఎనిమిదో సంవత్సరం, జూన్ నెల ఎనిమిదో తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు ఆయన మా కార్యాలయపు గుమ్మంలో మొదటిసారి కనిపించాడు. ముందురోజు పట్టిన ముసురు ఇంకా విడవలేదు. గొడుగును బయటనే దులిపి, మడిచి, నీరు కారినా ఎవరి కాలూ జారని మూలన నిలబెట్టి, తలుపు వెడల్పును జానలతో కొలిచాడు. ఆ తరువాతనే నాకు నమస్కారం చేశాడు.

అంతా ఆయనను జానాయన అనేవారు. జేబులో ఉక్కు టేపు ఉన్నా, దేనినైనా ముందు చేత్తో కొలిచి గాని టేపు తీసేవాడు కాదు. పద్దెనిమిదేళ్లు వడ్రంగం చేసి, ఆ మీదట కార్యాలయాలలో బల్లలు, కుర్చీలు, అడ్డుచెక్కలు ఎక్కడ ఏవి ఉండాలో పటం గీసి, దగ్గరుండి అమర్చే పనిలోకి వచ్చాడు. నేనప్పుడు ఆ బీమా సంస్థలో ప్రధాన గుమాస్తాను. ఆరు గదులలో విడివిడిగా మగ్గుతున్న నలభై ఒక్కమందిని గోడలు తీసివేసి ఒకే హాలులోకి చేర్చాలని, అందువల్ల పనీ సాగుతుందని, మనుషులూ కులాసాగా ఉంటారని పైవారు నిశ్చయించి, ఆ పని ఆయనకు అప్పగించారు.

ఆయన భార్య మా కార్యాలయంలోనే ఇరవై ఒక్క సంవత్సరాలుగా సరిచూసే ఉద్యోగంలో ఉంది. ఆ సంగతి ఆయన పని ఒప్పుకొనేముందే పైవారికి తానుగా చెప్పుకొన్నాడు.

సరిచూడడమంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మా వద్ద ప్రతి పత్రానికీ ఒక మూలం, ఒక నకలు ఉండేవి. ఒకరు మూలాన్ని పైకి చదువుతారు. రెండోవారు వింటూ, నకలు మీద వేలు జరుపుకొంటూ పోతారు. చదివేవారు నోరు, సరిచూసేవారు చెవి. ఆ ఇరవై ఒక్క ఏళ్లలో ఆమె చేతిమీదుగా తప్పుతో బయటికి వెళ్లిన కాగితం ఒక్కటి లేదు. ఆమెకు మరే గొప్పా లేదు, మరే గొప్పా అక్కర లేదు. పిల్లలు లేని ఇంట్లో ఆ దంపతులు భోజనాల దగ్గర చెప్పుకొనే కబుర్లు కూడా, ఈయన అమర్చిన బల్లలు, ఆవిడ పట్టుకొన్న తప్పులు.

జానాయనకు ఒక పద్ధతి ఉండేది. పటం గీయక మునుపు ప్రతి ఉద్యోగి కుర్చీలోనూ ఒక పూర్తి గంట, పని జరుగుతున్న వేళ, తాను కూర్చొనేవాడు. ఏ గాలి మెడకు తగులుతున్నది, ఏ చప్పుడు చెవిన పడుతున్నది, తల ఎత్తితే ఏమి కనబడుతున్నది, మోచేయి దేనికి కొట్టుకొంటున్నది, ఇవన్నీ చిన్న పుస్తకంలో రాసుకొనేవాడు.

మొదటిరోజు టపా గుమాస్తా ఆయనను చూసి, "ఏం మేస్త్రీ, మా పొట్టలు కూడా కొలుస్తావా?" అన్నాడు.

"మీది కొలవాలంటే టేపు రెండోది తెప్పించాలండీ," అన్నాడాయన, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

కాని ఆ గంట ముగిసేసరికి, ఏడేళ్లుగా టపా గుమాస్తాను మధ్యాహ్నమయ్యేసరికి పట్టుకొనే తలనొప్పికి కారణం చెప్పగలిగాడు. ఎదురింటి రేకుల కప్పు మీది ఎండ కిటికీగుండా సూటిగా గుమాస్తా కళ్లలో పడుతున్నది. మంచినీళ్ల కూజా దగ్గర ఉంటే మనిషి లేవడని, లేవకపోతే నడుము పట్టుకుంటుందని, దానిని పాతిక అడుగుల దూరాన పెట్టించాడు. గోల భరించలేనివారు కాసేపు తలదాచుకొనేందుకు తలుపున్న చిన్న గది ఒకటి ఉండాలని పైవారితో వాదించి సాధించాడు.

ఏడో రోజు సాయంత్రానికి నలభై కుర్చీలు పూర్తి అయ్యాయి. సరిచూసేవారి గదిలో పుస్తకం మూస్తుంటే నేనే గుర్తుచేశాను. "ఇంకొకటి మిగిలింది కదా మేస్త్రిగారూ. మీ ఇంటావిడది."

ఆయన నవ్వాడు. "ఆవిడ సంగతి నాకు తెలియకపోవడమేమిటండీ! ముప్పై ఏళ్లుగా ఎదురుగా కూర్చుంటున్నాను."

ఆమె తన చోటునుంచే, "వచ్చి కూర్చోండి, ఒక్క గంటేగా! నేను లేచి నిలబడతాను," అంది.

"ఇంట్లో నీ దగ్గర కూర్చున్నది చాలలేదా? ఇక్కడ కూడా కట్టిపడేస్తావా?"

గది అంతా ఘొల్లుమన్నది. ఆమె కూడా నవ్వింది. ఆయన గొడుగు తీసుకొని వెళ్లిపోయాడు.

ఆగస్టు మూడో తేదీన కొత్త హాలు తెరిచారు. దక్షిణపు పెద్ద కిటికీ పక్కన, ఏడో నంబరు బల్ల ఆమెకు ఇచ్చాడు. హాలు మొత్తానికి అంతకంటె వెలుగున్న చోటు లేదు. భార్యకు మంచిది కేటాయించుకొన్నాడన్న మాట వస్తుందేమోనని ఆయన వెనుకాడితే, టపా గుమాస్తాతో సహా అందరూ ఆమెకే ఇవ్వాలని పట్టుబట్టారు. ఆమెది ఎడమచేతి వాటం. రాసే చేతి నీడ కాగితం మీద పడకూడదని కిటికీ ఆమెకు కుడివైపు వచ్చేటట్లు బల్లను నేలకు బిగించాడు. మూలం పైకి చదివే ఆవిడ బల్ల ఆమెకు ఎడమవైపు పడింది. నడిచే దారి వెనుక వచ్చింది.

"ఎలా ఉంది?" అని అందరి ఎదుటా అడిగాడు.

ఆమె బల్ల అంచును చేత్తో తడిమి, "మహారాణీ సింహాసనంలా ఉందండీ," అంది.

నెల తిరగకముందే ఆమె నా వద్దకు వచ్చింది. "పెద్ద గుమాస్తాగారూ, నేనూ పక్కావిడా చోట్లు మార్చుకోవచ్చా?"

"నంబర్లు పుస్తకంలోకి ఎక్కిపోయాయమ్మా. అయినా అంత మంచి చోటు వదులుకోవడమేమిటి? మేస్త్రిగారు ఏమనుకుంటారు?"

"అయితే పోనివ్వండి. ఈ మాట మాత్రం ఆయనతో అనకండి."

నేను అనలేదు. ఎందుకడిగిందో ఆమెను అడగనూ లేదు.

సెప్టెంబరులో చదివే ఆవిడ మీద ఫిర్యాదు వచ్చింది. వయసు ముప్పై అయిదుంటుంది. మేస్త్రిగారి భార్యను పిన్నిగారూ అని పిలిచేది. హాలు ఎగిరిపోయేటట్లు చదువుతున్నదని చుట్టుపక్కల నలుగురు సంతకాలు పెట్టి ఇచ్చారు. గొంతు తగ్గించమని నేను చెప్పాను. "తగ్గిస్తే ఎలాగండీ..." అని ఏదో చెప్పబోయి, ఏడో నంబరు బల్లవైపు చూసి ఊరుకుంది. మరునాటినుంచి గొంతు తగ్గించింది. అక్టోబరులో మేస్త్రిగారి భార్య సరిచూసిన కాగితాలలో తప్పులు బయటపడసాగాయి. ఇరవై ఒక్క ఏళ్లలో లేని తప్పులు మూడు వారాలలో పదకొండు. వెనుకనుంచి ఎవరు పిలిచినా ఆమె పలకడం లేదని కూడా నా చెవిన పడింది. నిబంధన ప్రకారం నేను మూడు హెచ్చరిక చీటీలు రాశాను. మూడోది అక్టోబరు ముప్పయ్యో తేదీ, శుక్రవారం నాడు ఆమె చేతికిచ్చాను. చదువుకొని, మడిచి, సంచీలో పెట్టుకొని, అరగంటలో రాజీనామా తెచ్చి నా బల్లమీద ఉంచింది. ఆగమన్నాను. "ఇన్నాళ్ల పేరు ఇంకా పోకముందే వెళ్లనివ్వండి," అంది.

జానాయన పద్ధతిలో రెండో భాగం ఒకటి ఉన్నది. మూడు నెలలు నిండిన నాడు తిరిగి వచ్చి, తాను అమర్చిన ప్రతి కుర్చీలోనూ మళ్లీ కూర్చొనేవాడు. నవంబరు మూడో తేదీ, మంగళవారం, పది గంటలకు వచ్చాడు. మబ్బు లేదు, ఎండ పల్చగా ఉంది. ఏడో నంబరు ఖాళీగా కనబడితే, "మా ఆవిడకు ఒంట్లో నలతగా ఉందట, సెలవు పెట్టింది. ఎవరినీ లేపనక్కరలేదు, ఆ కుర్చీతోనే మొదలుపెడతాను," అన్నాడు.

నేను తెల్లబోయాను. "సెలవేమిటి మేస్త్రిగారూ? శుక్రవారం రాజీనామా ఇచ్చారు కదా!"

ఆయన నా మొహంలోకి చూశాడు. వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. చేతులు బల్ల మీద చాచాడు. ఎడమ అంచున, కలందాను చాటున, అరచేతిలో సగమైనా లేని గుండ్రటి అద్దం ఒకటి మైనంతో అతికించి ఉంది. అందులో వెనుకదారి మొత్తం కనబడుతున్నది.

"ఈ అద్దమెందుకు?" అని పక్క బల్లను అడిగాడు.

చదివే ఆవిడ కళ్లు అప్పటికే నిండాయి. "వెనకనుంచి ఎవరు వస్తున్నారో చూసుకోవడానికి బాబాయిగారూ. పిన్నిగారికి ఎడమచెవి వినబడదు. నాలుగేళ్ల కిందటి జ్వరంలో పోయింది. సరిచూసేవాళ్లకు చెవి పోయిందంటే ఉంచరు కదా, ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. పాతగదిలో ఎడమవైపు గోడ. నేను కుడివైపు. ఎదురుగా అద్దాల బీరువా ఉండేది, వెనక తలుపు అందులో కనబడేది. అక్కడ బాగానే జరిగిపోయింది."

ఆ గోడను కూల్చింది ఆయన. ఆ బీరువాను స్థలం తింటున్నదని పంపించివేసింది ఆయన.

జానాయన అరచేత్తో ఎడమచెవి మూసుకొన్నాడు. "చదువమ్మా," అన్నాడు. ఆవిడ మూలం చదవసాగింది. హాలులోని టెలిఫోను గంటలు, కుర్చీల చప్పుడు, మాటలు, దగ్గులు అన్నీ నలువైపులా ఉన్నాయి. ఆయన నకలు మీద వేలు జరిపాడు. మూడో వరుసలో వేలు ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి చదవమన్నాడు. అలా ఒక గంట. ఎవరూ తల ఎత్తలేదు.

లేచి వెళుతూ నా బల్లవద్ద నిలబడ్డాడు. "నాలుగేళ్లుగా వీధిలో ఎప్పుడూ నా ఎడమపక్కనే నడుస్తున్నదండీ. భోజనానికి గోడవార కుర్చీయే కావాలనేది. అలవాటనుకున్నాను." మిగిలిన నలభై కుర్చీలలో ఆయన ఆనాడు కూర్చోలేదు.

ఇంటికి వెళ్లి, నాకెందుకు చెప్పలేదని అడిగాడట. తరువాత చాలాకాలానికి ఆయనే నాతో చెప్పాడు. ఆమె కూర తరుగుతూ, "అందరి ఎదుటా పిలిచానుగా, వచ్చి ఒక్క గంట కూర్చోండి అని," అన్నదట. కోపంగా కూడా అనలేదట.

వారం తరువాత ఆయన కొత్త పటం తెచ్చాడు. ఏడో నంబరును అటుది ఇటు తిప్పి, ఎడమవైపు చెక్కగోడ, ఎదురుగా అద్దం పెట్టి, తన సొంత చేతులతో చేసిపెడతానన్నాడు. పైవారు సానుభూతితోనే విని, చెవి సంగతి తెలిసిన పిమ్మట సరిచూసే పని ఇవ్వలేమని, పాతకాగితాల గదిలో చోటు ఇస్తామని అన్నారు. ఆమె రానంది.

ఆమె మళ్లీ ఆ హాలులో అడుగు పెట్టలేదు. మూడేళ్లకు రెండో చెవి కూడా మందగించింది. రెండువేల ఏడో సంవత్సరం ఫిబ్రవరిలో, నిద్రలో పోయింది. జానాయన మా హాలు తరువాత, అప్పటికే ఒప్పుకొన్న మరి రెండు కార్యాలయాలు పూర్తిచేసి అమర్చే పని మానుకొన్నాడు. కొన్నేళ్లు ఇంటివద్దే ముక్కాలిపీటలు చేసి అమ్మాడు. ఆమె పోయిన తరువాత తమ్ముడి కూతురి ఇంట్లో ఉంటున్నాడు. చదివే ఆవిడ శాఖ మారి వెళ్లిపోయింది. టపా గుమాస్తాకు మళ్లీ తలనొప్పి రాలేదు. నేను రెండువేల రెండులో పదవీ విరమణ చేసేనాటికి ఏడో నంబరు బల్ల కోసం తొమ్మిదిమంది దరఖాస్తు పెట్టుకొని ఉన్నారు. నేను రాసిన మూడు చీటీలను ఆమె దస్త్రంలోంచి తీసివేయమని రెండుసార్లు కోరాను. నిబంధన లేదన్నారు. అవి అందులోనే ఉన్నాయి.