గుప్పెడు తరుగు

రాజాం చుట్టుపక్కల కారం మరలకేం కొదవలేదు. అయినా మాఘం వెళ్లి ఎండలు ముదిరాయంటే నాలుగూళ్ల ఆడవాళ్లు ఎండుమిరపకాయలు మూటగట్టుకుని సుభద్రమ్మ మర దగ్గరికే వచ్చేవారు. ఆమె దగ్గర గింజ కూడా పోదని పేరు. పన్నెండేళ్లుగా కళ్ల నీళ్లు కారుస్తూ, తుమ్ముతూ, తిట్టుకుంటూ సంపాదించుకున్న పేరది. మొగుడు నరసింగరావు మహా గొప్పగా చేసేదల్లా సాయంత్రం అందరూ వెళ్లాక మర విప్పి తుడవడం. బోల్టులు విప్పడం మగాళ్ల పనని ఆయన అన్నాడు, ఈవిడ సరేనంది.

ఆ పేరుకి నిరుడు ఒక్కసారి మచ్చ పడబోయింది. వరసకు వదినయ్యే దేముడమ్మ కారం ఆడించుకుని ఇంటికెళ్లి, తూచుకుని, గంటలో తిరిగొచ్చింది.

"ఓలమ్మ, నా కారం ఇంత తగ్గిపోనాదేటి?"

"మర అన్నాక తరుగుండదేటి వదినా?"

"తరుగు నాకు తెలీదేటి? ఇది తరుగు కాదు, దొంగతనం!"

సుభద్రమ్మకి ఒళ్లు మండిపోయింది. పదిమంది చూస్తుండగా మర మీద చెయ్యేసి, "శ్రీకూర్మం దేముడి తోడు! ఒకళ్ల కారం చిటికెడు నా ఇంటికి పోతే ఈ చెయ్యి ఇరిగిపోవాలి! ఇంత మాటన్న నోట్లో పురుగులు పడ!" అని అరిచింది. దేముడమ్మ మూటెత్తుకుని వెళ్లిపోయింది. ఆనాటి నుంచి ఆటో ఎక్కి రాజాం వెళ్లి ఆడించుకుంటోంది గానీ ఈ గడప తొక్కలేదు. వీధిలో ఎదురుపడితే తల తిప్పుకుంటుంది.

ఈ ఏడు సరిగ్గా సీజను ముందు పాత మర మోటారు కాలిపోయింది. కొత్తది, రోజంతా ఆడించినా కాగిపోనిది కావాలని మొగుడూ పెళ్లాలు రాజాం వెళ్లారు. సుభద్రమ్మ ఊరికే వెళ్లలేదు. తొడిమలు తీసిన కాయలు నాలుగు కిలోలు సంచిలో వేసుకుని వెళ్లింది. ఆడించి చూడనిదే ఏ మరా కొనేది లేదంది.

మరలమ్మే భాస్కర్ మాటల పుట్ట. అరచేతిలో వైకుంఠం చూపిస్తాడు. కొట్టు వెనక షెడ్డులో రెండు మరలు పెట్టాడు. రెండూ పది హార్స్‌పవర్‌వే, రెండూ స్టీలువే. మొదటిదాన్లో రెండు కిలోలు పోశారు. చిటికెడు కూడా తగ్గకుండా, మెత్తగా, ఎర్రగా వచ్చింది. పక్కన తలుపుంది. రెండు స్క్రూలు తిప్పితే లోపలంతా కనిపిస్తుంది, కుంచెతో దులిపేయొచ్చు.

"ఇదే బాగున్నాది," అంది సుభద్రమ్మ.

"అదేటి బాగు? రెండోది సూడు, బలంగా ఉన్నాది," అన్నాడు నరసింగరావు, తొందర తొందరగా.

రెండోదాన్లో మిగతా రెండు కిలోలు పోశారు. పొడి మెత్తగానే వచ్చింది. కానీ తూస్తే పెద్ద గుప్పెడు తక్కువ.

"మిగతాది ఏటైనాదిరా?"

భాస్కర్ ఏదో బహుమతి చూపిస్తున్నట్టు వెనక బోల్టులు విప్పాడు. జల్లెడ వెనకాల వంచి బిగించిన రేకు. దాని మీద ఆమె కారమే కుప్పగా పడి ఉంది.

"కస్టమర్‌కి గుప్పెడు తగ్గుతాది, తరుగనుకుంటారు. సాయంత్రానికి మీకు రెండు కేజీలు మిగుల్తాది అక్కా! ఇది నా తెలివేటీ కాదు. పన్నెండేళ్ల కిందట బావ సెప్తేనే మీ పాత మరకి మొదట కట్టాను. ఇప్పుడందరూ ఇదే అడుగుతన్నారు."

సుభద్రమ్మ మొగుడి వైపు చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ మహానుభావుడు తువ్వాలు సర్దుకుంటున్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈవిడ పట్టలేకపోగా, పైన దేవుడి మీద ఒట్టు కూడా వేసింది!

"మొదటిదే పంపు. ఈ రెండోది నా ఊరి పొలిమేర దాటితే ఊరుకోను!" అని బయటికొచ్చేసింది.

ఊళ్లో దిగాక నరసింగరావు గొణిగాడు. "అందరూ సేసేదే కదేటే. నీ కోసమే కదా సేసినాను. ఇన్నేళ్లలో ఇంట్లోకి కారం కొన్నావేటి?"

థూ! నిజమే, కొనలేదు. 'రాజాం కాయలు, మంచి రకం' అంటూ ఏటేటా అతనే డబ్బా నింపి తెచ్చేవాడు. ఒక ఏడు నల్లగా, ఒక ఏడు ఎర్రగా ఉంటే కాయ తేడా అనుకుంది. ఊరందరి కాయలూ కలిసిన కారమది! దాంతోనే ఆవకాయ పెట్టి, వచ్చినవాళ్లు మెచ్చుకుంటుంటే మురిసిపోయింది. ఇంత సిగ్గుమాలిన తిండి తిని, పైగా వడ్డించింది.

తిన్నగా పాత మర దగ్గరికెళ్లి, పానా తీసుకుని, మగాళ్ల పనని వదిలేసిన బోల్టులు తనే విప్పింది. రేకు ఊడి వచ్చింది. దాని మూలల్లో మూడు వేళ్ల మందాన పాత కారం గడ్డకట్టి ఉంది. తెల్లగా బూజు. అందులో పురుగులు, ఎలక పెంటికలు. ప్రతి వేసవీ వీటిని రాసుకుంటూనే అందరి కారమూ బయటికొచ్చింది. సుభద్రమ్మ గోడ పట్టుకుని డోక్కుంది. మొగుడి భుజం మీది తువ్వాలు లాగి, రేకుని అందులో చుట్టి, పొద్దు వాలకముందే దేముడమ్మ ఇంటికి నడిచింది.

దేముడమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. సుభద్రమ్మ మూట విప్పి రేకు ఆమె ముందు పెట్టింది.

"నాది దొంగ ఒట్టు వదినా. నాకు తెలీక ఏసినాను. పన్నెండేళ్లుగా ఈ రేకు మీద పడ్డ మీ కారమంతా మా ఇంట్లోనే ఉన్నాది. కొత్తగా వచ్చే మరకి తలుపున్నాది, ఎవరైనా తీసి సూసుకోవచ్చు. నీ నోట్లో పురుగులు పడాలన్నాను. సూడు, ఎక్కడున్నాయో."

దేముడమ్మ వంగి చూసి ముక్కు మూసుకుంది. రేకుని కాలితో అరుగు కిందకి తోసింది. కూర్చోమనలేదు. ఇంకో నాలుగు కాయల తొడిమలు తీసింది.

"కొత్త మర వస్తే ఇవి తెస్తాను. తలుపు నువ్వు ముట్టుకోకు, నేనే తీసి సూసుకుంటాను."

"అలాగే వదినా."

"మరొక్క మాట సెప్పు. పన్నెండేళ్లు తిన్నావు కదా మా కారం. బాగున్నాదేటి?"

సుభద్రమ్మకి ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు.

"బాగున్నాది వదినా," అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.