పడవ వెనక ముంచిన గంగనీళ్లు

పొద్దున మా అత్తమ్మను తీసుకుని బోధన్ నుంచి గోదావరి మీది శ్రీరాంసాగర్ డ్యాంకు వెళ్లాను. పడవెక్కి నీళ్ల మధ్యకు పోయి, దేవుడికి గంగనీళ్లు తెచ్చుకోవాలని ఆమె పట్టు. మా వైపు గోదావరిని గంగే అంటాం.

పడవ కదిలిందో లేదో, వెనక బిగించిన ఇంజను నల్లటి పొగ మా మొహాన కొట్టింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఇందులో ఏం పోశావని పడవ నడిపే అతన్ని అడిగాను.

"ఒట్టి పెట్రోలైతే మస్తు తాగుతది అక్కా. గందుకే కిరసనాయిలు, చెరుకు ట్రాక్టర్లల్ల తీసిన పాత ఆయిలు కలుపుత" అన్నాడు, ఏదో ఘనకార్యం చెప్పినట్టు.

ఆ జిడ్డంతా పడవ వెనక నీళ్ల మీద రంగురంగులుగా తేలుతోంది. అత్తమ్మ సరిగ్గా అందులోనే సీసా ముంచింది.

"అవ్వా, ఎనుక ముంచకు, ముందట ముంచుకో. నేను సుత ముందటి నీళ్లే తాగుత" అన్నాడతను.

అంటే తెలిసే చేస్తున్నాడు. అత్తమ్మ మాత్రం "గంగకు ముందేంది, ఎనుకేంది" అంటూ మూత బిగించింది.

ఇప్పుడా సీసా మా దేవుడి గూట్లో ఉంది. మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నాకైతే దాని పక్కన దీపం ముట్టించాలంటే భయంగా ఉంది.