గ్రీసు కింద బొంగరం

ఈ ఉదయం, కొత్తగా తెప్పించుకున్న చిన్న లేత్ మిషన్ పెట్టె తెరవగానే, గ్రీసు వాసన నన్ను ఇల్లందులోని మా వరండాకు తీసుకుపోయింది. కర్రనూ లోహాన్నీ తిప్పుతూ చెక్కే అలాంటి యంత్రాన్నే, బల్ల మీద పట్టేంతదాన్ని, నా చిన్నప్పుడు నాన్న చౌకగా కొన్నాడు. దానిమీద మొట్టమొదట నాకు బొంగరం చేస్తానన్నాడు.

నేను బడి నుంచి వచ్చేసరికి ఆ యంత్రం గోనెసంచి మీద ముక్కలుగా పరిచి ఉంది. విరిగిపోయిందనుకొని ఏడ్చాను. పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చిన నానమ్మ కూడా ఆగిపోయింది.

"మొక్కుదామని వస్తే గిట్ల ముక్కలు జేసినవేందిరా? దేనికి పెట్టాలె బొట్టు?"

"ఆగమ్మా. చౌక మిషన్ల లోపల గ్రీసుల ఇనుప రజను కలిసి ఉంటది. కడగకుండ తిప్పితే అరిగిపోతది," అని నాన్న నా చేతికి కిరోసిన్‌లో ముంచిన బ్రష్ ఇచ్చాడు. "ఏడ్వకు బిడ్డా. నీ బొంగరం గా గ్రీసు కిందనే ఉన్నది."

నేను ఆ మాట నమ్మి, బొంగరం కోసం వెతుకుతూ ప్రతి ముక్కనూ తోమాను. సాయంత్రానికి యంత్రం మళ్లీ నిలబడింది. టేకు ముక్కలోంచి నా బొంగరం బయటపడింది. నానమ్మ బొట్టు పెట్టబోతే, నాన్న మోటారు మూత చూపించి, "ముక్కలు జారే చోట వద్దమ్మా, గీడ పెట్టు," అన్నాడు.

"దేవునికి గూడ జాగ నువ్వే చెప్పవడ్తివి," అని నవ్విందామె.

ఎదుటివారి వాదాన్ని విప్పి చూడటం తర్వాత కాలేజీ చర్చల్లో నేర్చుకున్నాను. మనసుపడ్డదాన్ని కూడా విప్పి చూడవచ్చని, అది దానికి అవమానం కాదని అంతకుముందే నేర్పినందుకు నాన్నకు కృతజ్ఞురాలిని.

గోనెసంచి పరిచాను. కుంకుమ భరిణె పక్కనే ఉంది గానీ, ముందు కిరోసిన్ డబ్బా మూత తీశాను.