అడుగు నీళ్లు

మొన్న చలికాలంలో ఒక పొద్దున, నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగిన మా అన్ననూ వదిననూ టిఫిన్ తినిపిద్దామని అబిడ్స్‌లో కొత్తగా తెరిచిన ఒక హోటల్‌కు తీసుకెళ్లాను. గుమ్మం దాటగానే ఎదురుగా ఎత్తు పీట మీద, చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమిన, నీళ్లు కాచే రాగి హమాం ఒకటి కొలువుతీరి ఉంది. పొగ గొట్టంలోంచి మనీప్లాంట్ తీగ కిందికి వేలాడుతోంది, నల్లాకు ఎర్ర రిబ్బన్ కట్టారు, ఎవరో ఇద్దరు దాని పక్కన నిలబడి నవ్వుతూ సెల్ఫీలు దిగుతున్నారు. మా అన్న ఇడ్లీ సంగతి మరిచిపోయి అక్కడే ఆగిపోయాడు.

“సూస్తివా చెల్లే, మన ఇంట్ల ఉండె సూడు, అచ్చం గదే! ఆ నీళ్ల సుఖమే వేరుండె,” అన్నాడు.

వదిన దాని వంక కన్నెత్తి కూడా చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, అది మా అమ్మ దగ్గు. ఒళ్లు మండిపోయింది. సుఖమా, ఎవరికయ్యా సుఖం అని అక్కడే నలుగురిలో నిలదీసేదాన్నే, ఇంతలో సర్వర్ వచ్చి బల్ల చూపించాడు కాబట్టి సరిపోయింది.

నా చిన్నప్పుడు మేమున్నది నాంపల్లి స్టేషన్ వెనక సందులో. ఒకే వాకిలి చుట్టూ నాలుగు కిరాయి ఇళ్లు, నాలుగిళ్లలోనూ మా ఊరివాళ్లే, అందుకే పట్నం చేరినా ఊరి అలవాట్లు ఒక్కటి కూడా విడిచిపెట్టకుండా మూటగట్టి తెచ్చుకున్నాం. నాయిన అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. కోర్టు వాయిదాకు వచ్చినవాళ్లు, దవాఖానలో చూపించుకోవడానికి వచ్చినవాళ్లు, నుమాయిష్ చూసి పోదామని పిల్లాపాపలతో వచ్చినవాళ్లు, మా ఊరి నుంచి ఎవరు రైలు దిగినా తిన్నగా మా ఇంటికే వచ్చేవారు. వచ్చి చెప్పులు విడుస్తూనే, బాగున్నారా అనైనా అనకుండా, “వదినా, నీళ్లు కాగినయా?” అని మా అమ్మను అడిగేవారు. అదే వాళ్ల పలకరింపు.

నీళ్లు ఎందుకు కాగవు, కాగేవి. మా తాత ఊరి నుంచి తెచ్చిన రాగి హమాం వాకిట్లో నల్లాల పక్కన ఉండేది. నాలుగు బిందెలు పట్టే గుండ్రటి రాగి పాత్ర, దాని నడుమ నిలువునా ఒక గొట్టం, గొట్టంలో కట్టెలు వేసి కింద రాజేస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. దానికి ఒక నియమం ఉంది. ఒక బకెట్ వేడినీళ్లు పట్టుకుంటే ఒక బకెట్ చన్నీళ్లు పోయాలి, లేకపోతే రాగి మాడిపోతుంది. పట్టుకునేది మగవాళ్లు, పోసేది మా అమ్మ.

కట్టెల అడితిలో వానాకాలం పచ్చి కట్టెలే దొరికేవి, అవి మండవు, కంట్లో నీళ్లు తిరిగేదాకా ఊదితే బుస్సుమని పొగ చిమ్ముతాయి. అందుకని నాయిన దుకాణంలో సరుకు దిగిన చెక్కపెట్టెలు పగలగొట్టి, ఆ ముక్కలను తాడుతో కట్టి సైకిల్ వెనక పెట్టుకుని తెచ్చేవాడు. వాటికి రంగులు, వార్నీషు, మేకులు. ఆ రంగు చెక్క కాలితే వచ్చే పొగ మామూలు పొగ కాదు, గొంతులో గీరుకుపోయేది. మేకులు గుచ్చుకుని అమ్మ అరచేతుల నిండా నల్లటి మచ్చలుండేవి. తెల్లవారక ముందే లేచి, ఊదుగొట్టం పట్టుకుని, నేల మీద చెంప ఆనించి ఊదుతూ ఉండేది, నేను దుప్పటి సందులోంచి చూస్తూ ఉండేదాన్ని.

అబద్ధమెందుకు చెప్పాలి, ఆ పొద్దులు నాకు తియ్యగానే ఉండేవి. చలికి వణుకుతూ హమాం చుట్టూ చేరి అరచేతులు కాచుకోవడం, బూడిదలో గెనుసుగడ్డలు పూడ్చిపెట్టి అవి చిటపటమనగానే పుల్లతో లాగి, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ పొట్టు తీసి తినడం, నానేసిన కుంకుడుకాయల నురుగును గిన్నెలో చిలికి ఒకరి ముక్కుకొకరం పూసుకోవడం, పక్కింటి పొయ్యి మీద సర్వపిండి కాలుతున్న వాసన, దూరంగా స్టేషన్‌లో బండి కూత, ఆ కూత వినగానే ఇవాళ ఊరి నుంచి ఎవరొస్తారా, సంచిలో సకినాలేమైనా తెస్తారా అని వాకిట్లోకి పరుగెత్తడం. ఇవన్నీ ఉన్నాయి. కానీ గెనుసుగడ్డ తింటున్న పిల్లకు దాన్ని కాల్చిన మనిషి ఎంత దగ్గుతోందో వినబడదు. నాకూ చాలాకాలం వినబడలేదు, అందుకు నా మీద నాకే కోపం.

స్నానాలకు వరస ఉండేది. మొదట తాత, తర్వాత నాయిన, తర్వాత ఊరి నుంచి వచ్చిన చుట్టాలు, తర్వాత అన్న, ఆ తర్వాత ఆడపిల్లనని నేను, అందరి వెనక అమ్మ. ఒక్కో బకెట్‌కు ఒక్కో బకెట్ చన్నీళ్లు పోస్తూ పోతే చివరికి హమాంలో ఏం మిగులుతాయి? పెట్టెచెక్క మసి వాసన కొట్టే, పేరుకే గోరువెచ్చని నీళ్లు. వాటికి మా ఇంట్లో ఒక పేరు కూడా ఉంది, అడుగు నీళ్లు. “అడుగు నీళ్లు ఉన్నయి, పోయి పోసుకో” అని తాత దయతలిచినట్టు అనేవాడు. నిప్పు రాజేసిన మనిషికి అడుగు నీళ్లు! తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి.

నాకు పదేళ్లప్పుడు అమ్మకు దమ్ము ఎక్కువైంది. రెండు బిందెలు మోస్తే చాలు, గోడకు ఆనుకుని కూలబడిపోయేది. దవాఖానలో డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, “పొగ మానాలమ్మా, మందులకంటే ముందు పొగ మానాలి” అంది. అమ్మ తలూపింది. ఇంటికొచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను, అరుగు మీద అందరూ కూర్చుని ఉండగా. తాత బీడీ నుసి రాల్చి, “మా అమ్మ ఊదలేదా, వాళ్లమ్మ ఊదలేదా, గాళ్లకేమైంది?” అన్నాడు. వాళ్లకేమైందో ఎవరు చూశారు, చూసే తీరిక ఎవరికుంది?

ఆ దీపావళికి తలంట్ల కోసం హమాం నిండా నీళ్లు సలసల కాగుతున్నాయి. నాకేం పుట్టిందో, తాత పలుపుల్ల నములుతూ తిరుగుతుంటే, మొదటి బకెట్ నేనే పట్టి, రెండు చేతులా ఈడ్చుకుంటూ తీసుకెళ్లి ఆడవాళ్లు స్నానం చేసే తడక చాటున పెట్టి, “అమ్మా, నువ్వు మొదలు పోసుకో” అన్నాను. అమ్మ నా వైపు చూసింది, తాత వైపు చూసింది, బకెట్ ఎత్తుకెళ్లి తాత ముందు పెట్టింది. తిరిగొచ్చి నా వీపు మీద ఛెళ్లున ఒక్కటి వేసింది. ఆ రోజు కూడా ఆమె పోసుకున్నది అడుగు నీళ్లే.

తర్వాతి ఏడు నాయిన అబిడ్స్‌లో గీజర్ కొన్నాడు. పాపం, అమ్మ కోసమే కొన్నాడని ఇప్పటికీ నమ్ముతాను. నాలుగిళ్లవాళ్లూ వచ్చి చూశారు, కొబ్బరికాయ కొట్టారు. బిగించింది మాత్రం ముందరి గదిలో, తాత, నాయిన, చుట్టాలు స్నానం చేసే చోట. ఆడవాళ్లు దాన్ని ముట్టుకోకూడదని తాత తీర్పు చెప్పాడు. “ఆడోళ్లయి ఎప్పుడు సూసినా తడి చేతులు, షాక్ కొడ్తది” అన్నాడు. మగవాళ్లు పొడి చేతులతో స్నానం చేస్తారు కాబోలు! నాయిన సరేనన్నాడు. చుట్టాలు మరీ ఎక్కువైనప్పుడు గీజర్ చాలేది కాదు కాబట్టి హమాం ఆరింది లేదు. నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా అమ్మ పోయింది. ఆ పొద్దున కూడా హమాం రాజేయడానికే లేచింది.

ఇడ్లీలు తింటున్నంతసేపూ నాకు ఇదంతా గుర్తొస్తూనే ఉంది. అన్న రిటైరయ్యాక ఊళ్లో ఇల్లు కట్టుకుని వదినతో అక్కడే ఉంటున్నాడు. చుట్టుపక్కల గుట్టల మీద కట్టెలు దొరకడం లేదని ఊరంతా కూర్చుని, ఇంటింటికీ సోలార్ నీళ్ల ట్యాంకులు పెట్టించుకుందామని తీర్మానం చేసుకున్నారు, ఎంపిక పని అన్నకు అప్పగించారు. అందుకే వచ్చారు. చూడండి మరి, కట్టెలు అయిపోయాయని మారుతున్నారు గానీ, ఆడవాళ్ల ఊపిరి అయిపోతోందని కాదు. అయినా సరే, ఎందుకైతేనేం మారుతున్నారు కదా అని నేనే సోలార్ దుకాణానికి తీసుకెళ్లాను.

దుకాణంలో సేల్స్‌మన్ కాగితం మీద ఇంటి బొమ్మ గీసి, మిద్దె వెనక భాగంలో ట్యాంకు గుర్తు పెట్టి, “వేడినీళ్లకు ఎన్ని పాయింట్లు ఇయ్యాలె సార్?” అని అడిగాడు.

“ఒక్కటే. ముందల హాలు పక్క బాత్రూమ్‌కు,” అన్నాడు అన్న.

“వెనకాల బాత్రూమ్ గూడ ఉన్నది గద సార్? గదే దగ్గర. ముందలికి గుంజితే సగం వేడి పైపుల్నే పోతది.”

“వెనక ఆడోళ్లది. గాడ పొయ్యి ఉండనే ఉన్నది. ఊరందరివి గట్లనే రాసినం, ఇంటికి ఒక్క పాయింట్,” అంటూ జేబులోంచి జాబితా తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ జాబితా చూశాను. ఇల్లిల్లూ వరసగా రాసి, ప్రతి పేరు పక్కనా ఒకటి, ఒకటి, ఒకటి. నాకు ఇంక ఆగలేదు. “నీకు సిగ్గుందా అన్నా!” అన్నాను. దుకాణంలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు, చూస్తే చూడనీ. “అమ్మ ఎట్ల పోయిందో నీకు ఎరుక లేదా? వదిన దగ్గు నీకు ఇనబడ్తలేదా? సూర్యుడు గూడ మగోళ్లకే నీళ్లు కాస్తడా? ఊరు ఊరంతా కూసొని గింత ఆలోచన జేసి, ఆడోళ్లను మళ్ల పొయ్యి కాడనే కూసోబెట్టిన్రా?”

“జర మెల్లగ చెల్లే,” అన్నాడు అన్న, ముఖం ఎర్రబడి. “కావాలని జేసినమా? మాకు ఆ సంగతే యాదికి రాలే.”

అదే కదా నా మంట. కావాలని చేసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. యాదికే రాలేదట! మా తాతకు రాలేదు, నాయినకు వచ్చీ నిలవలేదు, అమ్మ చేతి మీది మచ్చలు చూస్తూ పెరిగిన ఇతగాడికీ రాలేదు.

అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చుని ఉన్న వదిన సేల్స్‌మన్ వైపు తిరిగింది. “తమ్మీ, పొద్దుగాల మొదలు పట్టుకున్నోళ్లకు నీళ్లు ఎట్లుంటయి?”

“మొదలు పట్టుకున్నోళ్లకే మస్తు వేడిగుంటయి అక్కా. అందరు పోసుకున్నంక సల్లవడ్తయి, మళ్ల ఎండ ఎక్కినంకనే.”

వదిన ఆ బొమ్మను తన ముందుకు లాక్కుంది. తర్వాత వేలుతో ఇంటి వెనక భాగం చూపించి, “అయితే రెండు రాయి. గీ వెనకది మొదలు బిగియ్యి,” అంది. ఆమె ఇంటికి వచ్చిన ముప్పై ఏళ్లలో అన్న మాటను కాదనడం నేను చూడలేదు. అన్న, “మరి ఊరోళ్లు?” అని నసిగాడు. “ఊరోళ్లవి గూడ రెండే. ఇంటింటికి నేనే పోయి జెప్త,” అంటూ అతని జేబులోని పెన్ను తనే తీసి, జాబితాలో తమ పేరు పక్కనున్న ఒకటిని కొట్టేసి రెండు వేసింది. మిగతా ఇళ్ల అంకెలు నేను దిద్దాను, చెయ్యి నొప్పి పుట్టేదాకా.

నెలన్నర తర్వాత వదిన ఫోన్ చేసింది. “గిప్పుడే తానం జేసి వస్తున్న. మొదలు నేనే. మీ అన్న తువ్వాల భుజాన ఏసుకొని వెనకకొచ్చి తలుపు కొట్టిండు, ముందల ఇంక పైపు బిగియ్యలే గద! నేనేమో ఇంకో బకెట్ పట్టుకున్న,” అని నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది, ఇంకా తగ్గలేదు, తగ్గుతుందో లేదో డాక్టర్లే చెప్పాలి. ఆ వారంలో ఊళ్లో ఒక్క పొయ్యి కూడా స్నానాల కోసం రాజుకోలేదని చెప్పింది.

ఫోన్ పెట్టేసి ఆ సాయంత్రం నాంపల్లి స్టేషన్ వెనక సందులోకి నడిచాను. మా వాకిలి ఉన్నచోట ఒక లాడ్జి వాళ్ల పార్కింగ్ ఉంది, కట్టెల అడితిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు, రైలు దిగి వచ్చి నీళ్లు కాగినయా అని అడిగేవాళ్లు లేరు. పాత రోజులు పోయాయని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు పెట్టుకోనివ్వండి, నాకు మాత్రం ఆ పొగ మీద ఇంత కూడా ప్రేమ లేదు. మా ఊళ్లో ఇప్పుడు ఆ పొగ లేదు. మా అమ్మా లేదు. ముందు పోవలసింది పొగ.